లాభం, రెండు, మూడు

మా ఇంటి ముందు వాకిలి పేడతో అలికి అలికి బండలా ఉండేది. వెనక దొడ్డిలో మాత్రం అడుగు వేస్తే దిగబడేది. దొడ్డి నడుమ ఒక వేపచెట్టు. దానికి పది గజాల దూరాన, చెట్టు చుట్టూ గుండ్రంగా, గానుగెద్దు తిరిగిన దారిలా ఒక మెత్తని పట్టీ. తొలకరి పడితే గడ్డి అన్నిచోట్ల కంటే ముందు అక్కడే మొలిచేది. గోళీలాటకు గుంట తీయాలంటే వాడకట్టు పిల్లలమంతా అక్కడికే చేరేవాళ్లం. వేలితో గిల్లినా లేచే మట్టి ఊళ్లో మరెక్కడా లేదు. అది అంత మెత్తగా ఎందుకుందో చాలాకాలం నాకు తెలియదు. దొడ్లన్నీ అట్లాగే ఉంటాయనుకునేవాణ్ణి.

మాది నల్లగొండ జిల్లాలో కోదాడకు దగ్గరి పల్లె. ఇప్పుడది సూర్యాపేట జిల్లా అయింది. నేను చెబుతున్నది 1960ల సంగతి. ఇంట్లో నాయిన, అమ్మ, నేను, నా చెల్లెలు, పెళ్లికాని మేనత్త, అందరి మీదా నాయనమ్మ. తాత లేడు. ఆయన ఫోటో కూడా లేదు. తాత గురించి అడిగితే నాయనమ్మ చేత్తో తలుపు ఎత్తు చూపించి, "గంత ఉండేటోడు" అనేది. అంతే.

ఆ మెత్తని మట్టిలో నేనూ దాచుకునేవాణ్ణి. గోళీలు, కుంకుడు గింజలు, బడిలో దొరికిన సుద్దముక్కలు, పిట్ట ఈకలు. దాచినవాటిలో సగం మళ్లీ దొరికేవి కావు. ఒకరోజు అట్లా వెతుక్కుంటూ మోకాళ్ల మీద పాకుతుంటే నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏం పోయింది బిడ్డా?" అంది. పాలగోళీ పోయిందన్నాను. చాలాసేపు నాతోపాటు మట్టి కెలికింది. దొరకలేదు. లేచి చేతులు దులుపుకుంటూ, "పాతిపెడితే ఇద్దరికి చెప్పి పాతిపెట్టు కొడుకా. ఒక్కనికి తెలిసిన జాగ జాగ కాదు" అంది. గోళీ సంగతే చెబుతోందనుకున్నాను.

తరువాత ఏడాది, నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఊరి అవుసలి తాత నోటి నుంచి అసలు సంగతి తెలిసింది. ఆయనకప్పటికి పనిలేదు. 1963లో బంగారం మీద సర్కారు నియంత్రణ పెట్టింది. పద్నాలుగు క్యారెట్లకు మించిన కొత్త నగ చేయకూడదన్నారు. మా వైపు రైతు ఆడవాళ్లు ఆ బంగారాన్ని బంగారమని ఒప్పుకోలేదు, చేయించుకోవడమే మానుకున్నారు. తరువాత ఆ పట్టు సడలించినా, ఆయన కుంపటి మళ్లీ మునుపటిలా రాజుకోలేదు. పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చుని, తాను చేసిన నగల్ని ఒక్కొక్కటే తలచుకునేవాడు. ఎవరి మెడకు ఏది చేశాడో, ఎన్ని తులాలో, ఏ పెళ్లికో అన్నీ చెప్పేవాడు.

"మీ నాయనమ్మకు కంటె చేసిన. మూడు తులాలు. పట్టెడ రెండు తులాలు. నాను ఇంకో రెండు. చెవులకు కమ్మలు. కాళ్లకు వెండి కడియాలు, ఒక్కోటి ఇరువై తులాలు. వెండి వడ్డాణం. అన్నీ మీ దొడ్లోనే ఉన్నయి పిలగా. నువ్వు గోళీలాడే కాడ్నే ఉన్నయి."

ఆ మాటతో నా కాళ్ల కింద నేల వేరయిపోయింది. ఆ రాత్రి నాయనమ్మ మంచంలో దూరి అడిగాను. ఆమె దాచలేదు. నన్ను పక్కకు జరుపుకుని, దుప్పటి కప్పి చెప్పింది. అప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పించుకున్నానో లెక్కలేదు.

ఆ కథ ఎప్పుడూ లెవీ దగ్గర మొదలయ్యేది. నిజాం సర్కారు రైతుల దగ్గర ఇంత గింజ అని లెవీ వసూలు చేసేది. పెద్ద పెద్ద భూములున్న దొరలు తప్పించుకునేవారు. ఇరవై ముప్పై ఎకరాల మెట్ట చేసుకునే మావంటి వాళ్ల ఇంటికి మాత్రం బండి కట్టుకుని వచ్చేవారు. కళ్లబడ్డ గింజ బండికెక్కేది. అందుకని తిండిగింజలు నేలలోకి పోయేవి.

నేలలో గింజ దాచడం మా పల్లెలకు కొత్త కాదు. జొన్న పాతరలు తాతముత్తాతల నాటివి. వాటిని నేనూ చూశాను. నీరు ఊరని గట్టి నేల చూసి, పైన మనిషి దూరేంత సన్నని మూతి, లోపల కడవలా పెద్ద కడుపు వచ్చేట్టు తవ్వుతారు. అడుగునా పక్కలా గడ్డి పరిచి జొన్నలు పోస్తారు. పైన మళ్లీ గడ్డి, దానిమీద బండ, బండ మీద మట్టి. పోసేటప్పుడు కుంచంతో కొలిచి పోస్తారు. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఏడు దగ్గరకొస్తే ఏడు అనరు. అందులో ఏడుపు ఉంది కాబట్టి ఆరున్నొకటి అంటారు. పాతర తీసేరోజు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. మూత తీసి ఒక పూట వదిలేసేవారు. తరువాత తాడుకు దీపం కట్టి లోపలికి దించేవారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగరు. మూసిపెట్టిన పాతరలో గాలి చెడిపోతుంది, దిగిన మనిషి అరవకుండానే పడిపోతాడు. దీపం నిలకడగా వెలిగితేనే నడుముకు తాడు కట్టుకుని ఒకరు దిగేవారు. ఆ మూతి నుంచి వచ్చే మాగిన జొన్న వాసన నాకిప్పటికీ గుర్తు.

1948 నాటికి గింజలే కాదు, మనుషులకే దాక్కునే చోటు లేకపోయింది. ఒకవైపు రజాకార్లు, వాళ్ల వెంట పోలీసులు. ఇంకోవైపు కమ్యూనిస్టు దళాలు. ఎవరికి అన్నం పెట్టినా ఇంకొకరు వచ్చి అడిగేవారు. రజాకార్లు ఒక ఊరి మీద పడ్డారంటే, ముందు ఆడవాళ్ల ఒంటి మీది నగలు, తరువాత ఇంటి కప్పుకు నిప్పు. మాకు ఇండియన్ యూనియన్ దూరం కాదు. మునగాల పరగణా నిజాం రాజ్యం నడుమనే ఉన్నా, అది కృష్ణా జిల్లాకు చెందిన భూమి. తూర్పున పాలేరు దాటితే జగ్గయ్యపేట. సరిహద్దు పల్లెల నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని రాత్రిపూట అటు పోయేవారు.

శ్రావణంలో ఒకరోజు పక్క ఊరు తగలబడ్డ పొగ మా పొలాల నుంచి కనిపించిందట. అప్పటికి నాయిన పదేళ్లవాడు. వాణ్ణి రెండురోజుల ముందే మేనమామతో జగ్గయ్యపేట పంపేశారు. ఇంట్లో తాత, నాలుగు నెలల కడుపుతో నాయనమ్మ. నగలు ఒంటిమీద పెట్టుకుని దారిన పోవడమంటే ప్రాణాలు అమ్ముకోవడమే. పుస్తెలు, మెట్టెలు ఉంచుకుని మిగతావన్నీ ఒక రాగిచెంబులో పెట్టారు. వాటిమీద హాలీ రూపాయలు, చార్మినార్ బొమ్మవి. నూటపదహారు. నాయనమ్మ లెక్కలో అవి దాదాపు వంద కల్దార్లు. మా వైపు ఇంగ్లీషు రూపాయిని కల్దారనేవారు. చెంబు మూతికి గుడ్డ కుక్కి, పైన లక్క కరిగించి పోశారు. ఆ చెంబును ఇంకో కుండలో పెట్టారు.

పాతరలో పెడదామని నాయనమ్మ అందట. తాత ఒప్పుకోలేదు. పాతరలు ఎక్కడుంటాయో అందరికీ తెలుసు. ఇనుప చువ్వతో పొడుచుకుంటూ పోతే బోలు నేల చప్పుడు మారుతుంది. వచ్చేవాళ్లు ముందు వాటినే తీస్తారు. అందుకని గట్టి నేలలో, వేపచెట్టును గుర్తు పెట్టుకుని, పన్నెండు అడుగులు కొలిచి పాతిపెట్టారు. ఆ రాత్రి వాన. తవ్విన ఆనవాలును తెల్లారేసరికి వానే కడిగేస్తుందని తాత అన్నాడట. పని ముగించి, తలుపుకు గొళ్లెం పెట్టి, చీకట్లోనే బయలుదేరారు. నల్లరేగడి తడిస్తే అడుగడుగునా చెప్పుల్లా కాళ్లకు అంటుకుంటుంది. పాలేరు దగ్గరికి వచ్చేసరికి తన కాళ్లు తనవి కావనిపించాయని నాయనమ్మ చెప్పేది. వాగులో నీళ్లు నడుము దాకా ఉన్నాయి. తాత ఆమెను భుజాల మీద ఎక్కించుకుని దాటించాడు.

జగ్గయ్యపేటలో ఒక మిల్లు కొట్టంలో తలదాచుకున్నారు. ఒక్కో మూల ఒక్కో ఊరు. బైరాన్‌పల్లిలో రజాకార్లు జనాన్ని కాల్చి చంపిన కబురు, ఆగస్టు నెలాఖరున, అక్కడే విన్నారు. అప్పటికే తాతకు జ్వరం. తొమ్మిదిరోజులు కాసి ఆయన పోయాడు. ఆ తరువాత పదిరోజులకే, సెప్టెంబర్ 13న, యూనియన్ సైన్యం బెజవాడ రోడ్డు మీద కోదాడ వైపు కదిలింది. 17 నాటికి నిజాం లొంగిపోయాడు. జగ్గయ్యపేటలో అందరూ మూటలు కట్టుకుంటూ నవ్వుతుంటే నాయనమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుందట. ఇరవయ్యారేళ్ల మనిషి.

దసరాకు ముందు ఇంటికొస్తే ఇల్లు లేదు. తాటికమ్మల కప్పు కాలిపోయింది. కప్పు లేని మట్టిగోడలు వానలకు కరిగి కుప్పలయ్యాయి. కొట్టం లేదు, దడి లేదు, రోలు కూడా ఎవరో దొర్లించుకుపోయారు. దొడ్డిలో నిలబడి ఉన్నది వేపచెట్టు ఒక్కటే. దాని నుంచి పన్నెండు అడుగులు. కానీ ఎటువైపు?

"యాది మర్చిపోయిన" అంది నాయనమ్మ. ఆ రోజు అంది, చచ్చిపోయేదాకా అదే అంది.

రెండు గుర్తులుంటే ఒక చోటు తెలుస్తుంది. ఒక్క గుర్తే ఉంటే చుట్టూ తిరగాలి. తాత అన్నదమ్ములు మొదట తవ్వారు. తరువాత నాయనమ్మ తమ్ముళ్లు వచ్చి తవ్వారు. పెద్దవాడయ్యాక నాయిన ప్రతి ఎండాకాలం కొంత కొంత తవ్వాడు. తాత అడుగు ఎంత పొడుగో ఎవరికి తెలుసు? ఎంత లోతుకు పెట్టాడో ఎవరికి తెలుసు? ఒకరు మోకాటి లోతు తవ్వి మానేస్తే, ఇంకొకరు వచ్చి అక్కడే నడుము లోతు తవ్వేవారు. ఆ వలయంలో ఒక ముక్క కొత్తగా కట్టుకున్న ఇంటి గోడ కిందికి పోయింది. ఇంకో ముక్క పాలివాళ్ల దొడ్డిలోకి పోయింది. అటు అడుగుపెడితే గొడవ. వాళ్లే ఎప్పుడో తవ్వుకుని ఉంటారని ఒక అనుమానం. మేం ఊళ్లో లేనప్పుడు రజాకార్లకే దొరికిందని ఇంకో మాట. నేను గోళీలాడిన మెత్తని పట్టీ ఇరవయ్యేళ్ల ఆ తవ్వకాల గురుతు.

ఊరు ఈ కథను తనదిగా చేసుకుంది. ఏడు తులాల పైచిలుకు ఉన్న బంగారం చెప్పేవాళ్ల నోట్లో లంకెబిందెలు అయింది. పున్నమినాడు చెట్టు కింద నాగుపాము పడగ విప్పి తిరుగుతుందన్నారు. అమావాస్యనాడు గజ్జెల చప్పుడు విన్నామన్నారు. ఇంతమంది ఇన్ని మాటలు అంటున్నా ఇంట్లో పడే మాట ఒక్కటే. పుల్లలు లేక పొయ్యి రాజుకోకపోయినా, ఎద్దు చచ్చి ఎవుసం ఆగినా, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నా చివరికి అది నాయనమ్మ మతిమరుపు దగ్గరికే వచ్చేది. "చేతులారా పెట్టిన సొమ్ము ఏడ పెట్టిందో తెల్వని మనిషి" అని దగ్గరివాళ్లే ఆమె ముందే అనేవారు. ఆమె ఎదురు చెప్పేది కాదు. చాటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయేది.

ఆమెకు నిజంగా మతిమరుపు ఉందా అని నాకు అప్పుడే అనుమానం. ఏ గేదె ఏ తిథినాడు ఈనిందో చెప్పేది. నా జ్వరానికి ఎవరింటి నుంచి ఎన్ని మిరియాలు తెచ్చిందో గుర్తుపెట్టుకుని తిరిగిచ్చేది. ఇంట్లో ఏదీ ఎవరికీ తెలియకుండా పెట్టేది కాదు. ఉప్పుకుండ వెనక రెండు రూపాయలు పెడితే ముందు అమ్మకు చెప్పేది, తరువాత నాకు చెప్పేది. "ఇనవడ్డదా?" అని మళ్లీ అడిగేది.

1967 ఎండాకాలంలో మేనత్త పెళ్లి కుదిరింది. తాత పోయాక, 1949 సంక్రాంతి రోజుల్లో పుట్టిన బిడ్డ. తండ్రి ముఖం చూడలేదు. పెళ్లికి ముందు రెండేళ్లు దేశమంతా కరువు. మా మెట్టలో జొన్న మోకాటి ఎత్తున ఎండిపోయింది. పిల్లవాడి తరఫువాళ్లు మంచివాళ్లే, కట్నం ఎక్కువ అడగలేదు. మెడలో కంటె మాత్రం ఉండాలన్నారు. నాయిన వడ్డీ వ్యాపారి దగ్గరికి రెండుసార్లు పోయి ఒట్టి చేతులతో వచ్చాడు. అప్పుడు ఎవరో అంజనం వేసే మనిషి సంగతి చెప్పారు.

ఆయన సాయంత్రం వచ్చాడు. ఈడు రాని పిల్లవాడు కావాలన్నాడు. తలంటి స్నానం చేయించి నన్ను పీట మీద కూర్చోబెట్టారు. తమలపాకుకు ఆముదంతో నూరిన నల్లని కాటుక పూసి నా చేతిలో పెట్టాడు. పక్కన దీపం. ఆకులోకి రెప్ప వేయకుండా చూడమన్నాడు. ముందు ఊడ్చేవాడు వస్తాడు, తరువాత కళ్లాపి చల్లేవాడు వస్తాడు, గద్దె వేస్తారు, అప్పుడు ఆంజనేయస్వామి వచ్చి కూర్చుంటాడు, సొమ్ము ఎక్కడుందో ఆయన్ని అడగాలన్నాడు.

నేను చూశాను. నల్లని ఆకులో దీపం కనిపించింది, నా ముక్కు కనిపించింది. ఊడ్చేవాడు రాలేదు. "వచ్చిండా?" అని అడుగుతూనే ఉన్నాడు. మోకాళ్లు తిమ్మిరెక్కాయి. నాయిన గోడకు ఆనుకుని నావైపే చూస్తున్నాడు. అట్లా ఆశగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు. స్తంభం చాటున అత్త నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని. నా వల్ల ఆమె పెళ్లి ఆగిపోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది. కళ్లలో నీళ్లు నిండి ఆకు మసకబారింది. ఆ మసకలో ఒక చోటు నిజంగానే కనిపించింది. చెట్టుకు తూర్పున, పైకి తేలిన వేరు పక్కన, మెత్తని మట్టి.

"వచ్చిండు" అన్నాను. "చెట్టుకు తూర్పున. వేరు పక్కన."

గడ్డపారలు లేచాయి. లాంతర్లు తెచ్చారు. వాడకట్టు అంతా దడి చుట్టూ మూగింది. అడ్డం వచ్చిన వేరును నరికారు. జానెడు లోతుకు పోకముందే గడ్డపారకు ఏదో తగిలి ఖణేలుమంది. ఒక్క క్షణం ఎవరూ ఊపిరి తీయలేదు. నాయిన గుంటలోకి దూకి చేతులతో మట్టి తోడాడు. తగరపు పౌడరు డబ్బా పైకొచ్చింది. మూత ఊడి, లాంతరు వెలుగులో, చార్మినార్ బొమ్మ ఉన్న వెండి పావలా దొర్లింది. జనం హా అన్నారు. దాని వెనకే ఆరు గోళీలు దొర్లాయి.

అది నా డబ్బా. పావలా నాయనమ్మ నాకు ఇచ్చింది. కిందటి దీపావళికి నేనే పాతిపెట్టుకున్నాను. దాచిన చోటు చూడమంటే, నాకు తెలిసిన ఒకే ఒక్క దాపు నా కళ్లకు కట్టింది.

నాయిన డబ్బా చేతిలో పట్టుకుని నావైపు తిరిగాడు. ఆయన నోరు తెరవకముందే వెనక నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"అది నేనే పెట్టిన. పిలగాడు సదువుకోకుండ గోళీలాడుతున్నడని గుంజుకుని దాచిన. ఏడ పెట్టిననో యాది మర్చిపోయిన."

నాయిన డబ్బాను నేలకేసి కొట్టాడు. "నీ మతిమరుపు మా కొంపలు ముంచిందమ్మా" అన్నాడు. ఊరంతా వింటుండగా అన్నాడు. ఆమె వంగి, మట్టిలో ఒక్కొక్క గోళీ ఏరి కొంగులో వేసుకుంది. అంజనం మనిషి, పాము సొమ్మును పక్కకు జరిపిందని చెప్పి, మాట్లాడుకున్న డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాయనమ్మ పక్కన పడుకుని ఏడుస్తూనే ఉన్నాను. ఆమె ఏమీ అడగలేదు. పావలా నా పిడికిట్లో పెట్టి వేళ్లు మూసింది.

అత్త పెళ్లి జరిగింది. పక్కింటివాళ్ల కంటె అడిగి తెచ్చి మెడలో వేశారు. మూడునిద్రలు కాగానే తిరిగిచ్చేశారు. ఆ సంగతి అత్తవారింట్లో తెలియకుండా ఉంటుందా? ఆమె ఎన్నేళ్లో ఆ మాట పడింది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా తల్లితో అంటీముట్టనట్టు ఉండేది. ఒక్కోసారి తన బోసిమెడను చేత్తో తడుముకునేది. అది నాయనమ్మ చూసేది. వేపచెట్టుకు తూర్పు కొమ్మలు రెండేళ్లలో ఎండిపోయాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు గడ్డపార చప్పుడు వినిపించేది.

అత్త పెళ్లయిన ఏడాదే, ఆగస్టు 4న, ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు మా పొలాల దాకా రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. వచ్చాక ఊరు ఊరే మారిపోయింది. మెట్టలు చదును చేసి మళ్లు కట్టారు. జొన్న పోయి వరి వచ్చింది. నేలలో చెమ్మ ఊరింది. ఒక ఏడు పాతరలో పోసిన జొన్నలు బూజుపట్టి నల్లగా ముద్దకట్టాయి. దీపం దించే పనిలేకుండా పాతరలన్నీ పూడ్చేశారు. అప్పులు తీరాయి. నాయిన తవ్వడం మానేశాడు. హాలీ రూపాయలు చెలామణి నుంచి ఎప్పుడో పోయాయి. నేను కోదాడలో, తరువాత హైదరాబాదులో చదివి ఉద్యోగంలో చేరాను.

1991 వానాకాలంలో నాయనమ్మ మంచం పట్టింది. సెలవు పెట్టి వెళ్లాను. ఇల్లంతా పొలానికి పోయిన ఒక మధ్యాహ్నం, బయట వాన పడుతుంటే, నన్ను దగ్గర కూర్చోమంది. ఎప్పటిలాగే లెక్క అప్పజెప్పింది. బియ్యం డబ్బాలో అడుగున నూటయాభై. ట్రంకుపెట్టెలో చీరకొంగుకు ముడేసి ఒక ఉంగరం. ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పింది. "ఇనవడ్డదా?" అంది. విన్నానన్నాను. కాసేపు వానను విన్నది. తరువాత, "నేను మర్చిపోలే బిడ్డా" అంది.

సొమ్ము పాతిపెట్టిన రాత్రి లాంతరు ఆమె పట్టుకోలేదు. తాత ఆమెను దర్వాజ దగ్గర నిలబెట్టాడు. ముఖం తోవ వైపు పెట్టుకుని ఎవరైనా వస్తున్నారేమో చూడమన్నాడు. వెనక్కి తిరగొద్దన్నాడు. "నీకు తెలిస్తే నిన్ను కొట్టి చెప్పిస్తరు. తెల్వకుంటే ఏం జేస్తరు? నేను యాది పెట్టుకుంట, నువ్వు తోవ చూడు" అన్నాడు. ఆమె తోవ చూసింది. వెనక చెట్టు దగ్గర ఆయన అడుగులు కొలవడం వినిపించింది. కప్పు మీద వాన చప్పుడులో ఆ గొంతు ఏ దిక్కుకు పోయిందో తెలియలేదు. తరువాత గడ్డపార చప్పుడు. అంతే ఆమెకు తెలిసింది.

"జరమొచ్చినప్పుడు అడగలేదా?" అన్నాను.

"ఎట్ల అడగాలె? ఏడ పెట్టినవని అడిగితే, నువ్వు పోతున్నవని చెప్పినట్టే గద. ఆయనకు చెప్పినట్టు, నాకు నేను చెప్పుకున్నట్టు. ఇయ్యాల తగ్గుతది, రేపు తగ్గుతది అనుకున్న. ఆఖరి మూడొద్దులు మాట పడిపోయింది."

మరి మర్చిపోయానని ఎందుకన్నావని అడిగాను. ఆమె నావైపు తిరిగింది. "ఆయన నాకు చూపియ్యలే అంటే, పెండ్లాన్ని నమ్మని మొగడంటరు. మా తమ్ముళ్లు అంటరు, ఊరంటది. నన్ను కాపాడనీకె చేసిండని ఎవరికి సమజయితది? సచ్చిపోయినోడు వచ్చి చెప్తడా? నాకు మతి లేదనుకున్నా పాయె."

నలభైమూడేళ్లు ఆమె ఆ మాట పడింది. గోళీలు ఏరుకున్న రాత్రి కూడా అదే మాటను నా మీద కప్పింది.

అప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఆయన కొలిచినట్టే కొలిచి చూపించింది. కల్లంలో గింజలు కొలిచే మనిషి కదా, అడుగుల్నీ అట్లాగే కొలిచాడు. లాభం. రెండు. మూడు. మాటకూ మాటకూ నడుమ ఒక అడుగు పట్టేంత ఎడం. ఆరు తరువాత ఆరున్నొకటి. పదకొండు దగ్గర ఆయనకు కాలు జారిందట, అక్కడ చిన్నగా ఊపిరి ఎగబీల్చింది. పన్నెండు. ఆ గొంతు నాయనమ్మది కాదు. లోతుగా, మెల్లగా, పని మీద మనసు పెట్టిన మగమనిషి గొంతు.

ఉగాదికి ముందు ఆమె పోయింది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నాకొక్కడికే చెప్పిందనుకున్నాను. పదకొండోరోజు కర్మ ముగిశాక చుట్టాలు వెళ్లిపోయారు. సాయంత్రం దొడ్డిలో అత్త ఒక్కతే వేపచెట్టు దగ్గర నిలబడి ఉంది. తూర్పున కొమ్మలు లేని ఆ చెట్టు మాను మీద చెయ్యి వేసి ఏదో అంటోంది. దగ్గరికి వెళితే వినిపించింది.

"...అయిదు. ఆరు. ఆరున్నొకటి..."

నన్ను చూసి ఆగింది. నాయనమ్మ ఇద్దరికి చెప్పి పోయిందని అప్పుడు తెలిసింది.

అత్తకు నలభైమూడేళ్లు. మెడలో ఆమె కొడుకులు చేయించిన గొలుసు ఉంది. దాన్ని తడుముకోలేదు. సొమ్ము సంగతి ఎత్తలేదు. చెట్టుకు ఆనుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "మా నాయిన గొంతు ఎట్లుంటదో నాకు తెల్వకుండె. అమ్మ యినిపించి పోయింది" అంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి విన్నాను. పదకొండు దగ్గర ఆమె కూడా చిన్నగా ఊపిరి ఎగబీల్చింది.